ఉద్దానం దారిలో జీడిపప్పు కర్మాగారం

శ్రీకాకుళం నుండి ఇచ్ఛాపురం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై టెక్కలి దాటిన తరువాత నేల స్వరూపం మారుతుంది. వరి మడులు తగ్గి కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలు కనిపించసాగుతాయి. సముద్రతీరం వెంబడి విస్తరించిన ఈ పచ్చని ప్రాంతమే ఉద్దానం. 2018 అక్టోబరులో విరుచుకుపడిన తిత్లీ తుఫాను ఇక్కడి తోటలను నేలకూల్చింది. జీడిమొక్క నాటిన తరువాత కాపుకు రావాలంటే కొన్నేళ్లు ఆగాలి. ఆ ఓర్పుతోనే ఇక్కడి రైతులు తోటలను తిరిగి పెంచుకున్నారు.

పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలు జీడిపప్పుకు పెట్టింది పేరు. పిల్లలతో కలిసి మేము అక్కడ ఒక కర్మాగారాన్ని సందర్శించాము. ఆవరణ నిండా జీడిపిక్కలు ఎండలో ఆరబోసి ఉన్నాయి. ఎండిన పిక్కలను బాయిలరు ఆవిరిలో ఉడికించి, చల్లారిన తరువాత కత్తి అమర్చిన చిన్న యంత్రంపై ఒక్కొక్కటిగా కోస్తారు. పెంకులో ఉండే జీడినూనె చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. రంగుల పరిశ్రమలో ఉపయోగపడే ఆ నూనెకు కూడా ధర పలుకుతుంది. కానీ దాని మరక మాత్రం కూలీల చేతులకే మిగులుతుంది.

నల్లబడిన వేళ్లతో పిక్కలు కోస్తున్న ఒక పెద్దావిడను మా అమ్మాయి, "ఈ నలుపు పోదా అమ్మమ్మా?" అని అడిగింది. ఆమె నవ్వి, "పండగకి నాలుగు రోజులు పని మానేస్తే కొంచెం వదులుతాదమ్మా. మళ్లీ మామూలే" అన్నది.

పెంకు తీసిన పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పైనున్న పలుచని పొరను చిన్న కత్తితో ఒలుస్తారు. పప్పు విరిగితే ధర పడిపోతుంది కనుక ఇక్కడ బలం కన్నా నేర్పు ముఖ్యం. చివరకు గుండు, బద్ద, ముక్కలుగా వేరు చేస్తారు. డబ్బాపై కనిపించే 320 అన్న అంకెకు ఒక పౌను తూకానికి దాదాపు అన్ని గుండు పప్పులు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ పప్పు పరిమాణమూ, ధరా పెరుగుతాయి. పిక్క బరువులో చేతికి దక్కే పప్పు సుమారు నాలుగో వంతే. అక్కడ కూలి కిలోల లెక్కన కడతారు. ఎవరి చేయి నొప్పి పుట్టి ఆగినా ఆ పూట ఆదాయం ఆగినట్లే.

షీర్ ఖుర్మాకూ, బిర్యానీకీ జీడిపప్పు కొనే గృహిణులకు ఒక మాట. బద్ద పప్పుకూ గుండు పప్పుకూ రుచిలో తేడా లేదు, ధరలోనే తేడా. పాయసానికి బద్ద చాలు. ఇక వ్యాపారం చేసే సోదరులకు మరొక మాట. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న బోధ మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలుసు. చేతి తొడుగులు, చేతులకు రాసుకునే నూనె, గాయమైతే వైద్యం - ఇవి కూడా ఆ కూలిలో భాగమేనని ఆ నల్లని వేళ్లను చూసిన తరువాత మాకు అనిపించింది. మన పళ్లెంలోని ఆహారం హలాల్ అయితే చాలదు, దానిని మన వరకు చేర్చిన చేతికి న్యాయం కూడా జరగాలి.