ముప్పై ఏడో పేజీ



వార్షికోత్సవ సంచికలో డిటిపి గురించి వ్యాసమేమిటని మీరనుకోవచ్చు. మెస్ గురించి, వార్డెన్ సార్ల గురించి, సెలవుల్లో ఇంటికి పోయే బస్సు గురించి మన సంచికల్లో చాలామంది రాశారు, ఇకముందూ రాస్తారు. ఈ పుస్తకం పేజీలుగా ఎలా తయారైందో మాత్రం ఎవరూ రాయలేదు. ఈసారి ఆ పని చేసింది మేము ముగ్గురం. ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా ఉండి, ఇప్పుడు ఎం.సి.ఎ. చదువుతున్నాం. ముగ్గురికీ ఇరవై మూడేళ్ళు. మా మూడిళ్ళలోనూ డిగ్రీ పట్టా మాతోనే మొదలు.

పాత సంచికలు పేజీమేకర్‌లో చేసినవి. 1985లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 2001లో విడుదలైంది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు డిటిపి సెంటర్లకు అదే దిక్కు. అప్పటి తెలుగు ఫాంట్లు మన అక్షరాల బొమ్మల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టుకునేవి. అచ్చయ్యాక పుస్తకం బాగానే ఉంటుంది. కానీ ఆఫీసు బీరువాలో దొరికిన పాత సీడీని మా కంప్యూటర్లో పెట్టి చూస్తే, ఆ ఫాంటు లేక మన సీనియర్ల కథలు, కవితలు, చివరికి పేర్లు కూడా అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులుగా కనిపించాయి. అందుకే ఈసారి అంతా యూనికోడ్‌లోనే చేయాలని పట్టుబట్టాం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. అందులో 'అ' అంటే ఏ ఫాంటులోనైనా 'అ'యే.

సాఫ్ట్‌వేర్ కొనే డబ్బు లేదు. దొంగ కాపీ వేసుకోవడం మాకు ఇష్టం లేదు. ఉచితంగా దొరికే ఒక డిటిపి సాఫ్ట్‌వేర్‌లో, కొత్తగా వచ్చిన బీటా వెర్షన్ తెలుగు ఒత్తుల్ని చక్కగా పేర్చుతోందని చూసి దాన్నే ఎంచుకున్నాం. బీటా అంటే ఇంకా పరీక్షలో ఉన్నదన్నమాట. దాని పేరు ఇక్కడ చెప్పం. ఊరికే ఇచ్చినవాళ్ళను నలుగురిలో ఎత్తిపొడవడం మర్యాద కాదు.

64 పేజీలూ పెట్టేశాం. ప్రెస్సుకు ఇవ్వడానికి రెండు రోజులు ఉందనగా పీడీఎఫ్ చేయబోతే, సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా మూతపడింది. హెచ్చరిక లేదు, ఏమీ లేదు. మళ్ళీ తెరిచాం, మళ్ళీ అంతే. మొదట ఫొటోల మీద అనుమానం వచ్చింది. మాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్. ఫోన్లో తీసిన పెద్ద ఫొటోలన్నీ చిన్నవి చేశాం, మారలేదు. ఫాంటు మార్చాం, మారలేదు. సెట్టింగులు తీసేసి కొత్తగా మొదలుపెట్టాం, అదీ అంతే.

అప్పుడు సగాల లెక్క పట్టాం. జూనియర్లు ఇది గుర్తుపెట్టుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది. 1 నుంచి 32 దాకా మాత్రమే పీడీఎఫ్ చేశాం, వచ్చింది. అంటే గొడవ రెండో సగంలో ఉంది. 33 నుంచి 48 దాకా చేస్తే పడిపోయింది. 33 నుంచి 40, మళ్ళీ పడిపోయింది. 33 నుంచి 36 బాగానే వచ్చింది. అలా ఆరు ప్రయత్నాల్లో 64 పేజీల్లోంచి ఒక్క పేజీ మిగిలింది. 37.

అది ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు రాసిన పేజీ. వలస పోయి, పనిచేసే చోటే చనిపోయిన తండ్రి గురించి. వాడి పేరు అచ్చులో రావడం ఇదే మొదటిసారి. ప్రెస్సాయన ఫోన్లో తేలిగ్గా, "ఆ ఒక్క పేజీ తీసెయ్యండి బాబూ, ఎవరడుగుతారు?" అన్నాడు. ఆయన పని తొందర ఆయనది. మేము మాత్రం తీయలేదు.

పేజీలో పేరాలు కూడా సగం సగం చేసుకుంటూ పోతే, చివరికి తేలింది శీర్షిక. 'మా నాన్న జ్ఞాపకం'. అందులోనూ 'జ్ఞాపకం' ఒక్క మాట. విచిత్రమేమిటంటే, అదే మాట మిగతా వ్యాసాల్లో చాలా చోట్ల ఉంది. అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

"దాని బదులు 'యాది' అని పెడితే అయిపోద్ది" అన్నాడు మాలో ఒకడు. వాడి రాత కాబట్టి తమ్ముణ్ణి పిలిచి అడిగాం. "ఇంట్ల యాదే అంటం అన్నా. గది ఇంట్ల. పుస్తకంల జ్ఞాపకమే ఉండాలె" అన్నాడు. యాది ఏ మాత్రం తక్కువ మాట కాదని, పెద్ద పెద్ద రచయితలే వాడారని చెప్పి చూశాం. వాడు తల అడ్డంగా ఊపాడు. ఈ విషయంలో ఇప్పటికీ మేము వాడితో ఏకీభవించం. కానీ తండ్రి వాడి తండ్రి.

ఆ రాత్రి మాకు 2018 ఫిబ్రవరి గుర్తొచ్చింది. అప్పుడు మేము ఇక్కడే పదో తరగతి. తెలుగు 'జ్ఞా' ఒక మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోతున్నాయని పేపర్లలో వచ్చింది. అదే నెలలో ఆపిల్ 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మాలో ఎవరికీ ఫోనే లేదు గానీ, మన అక్షరం అంత ఖరీదైన ఫోన్ని పడగొట్టిందని తెగ నవ్వుకున్నాం.

'జ్ఞా' మన కంటికి ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు నాలుగు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. అప్పటి ఐఫోన్ గొడవలో వీటి మధ్య ఐదోది ఒకటి ఉండేది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. తెర మీద కనిపించదు. పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపడం దాని పని. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట' కింద 'వ' ఒత్తు పడకుండా అడ్డుకునేది అదే. తమ్ముడి మాటలో కోడ్లు లెక్కపెట్టి చూశాం. ఞకూ దీర్ఘానికీ మధ్య అదే కూర్చుని ఉంది. వాడు వ్యాసాన్ని వాళ్ళ మామ ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపాడు. ఎక్కడ దూరిందో మరి.

ఆ మాట చెరిపి మళ్ళీ టైపు చేశాం. పీడీఎఫ్ వచ్చేసింది. అప్పటికి రాత్రి రెండున్నర. వాచ్‌మన్ తాత టీ పెట్టి ఇచ్చాడు.

మర్నాడు, ఒకే పేజీ, ఒకే మాట ఉన్న చిన్న ఫైలు చేసి ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకు పంపాం. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది అని మూడు ముక్కలు ఇంగ్లీషులో రాయడానికి ముగ్గురికీ గంట పట్టింది. 'క్రాష్ అవుతోంది' అని మాత్రమే రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. వాళ్ళ దగ్గర కూడా అది పడిపోయేలా చూపించాలి. మూడో రోజు జవాబొచ్చింది, తమ దగ్గరా పడిపోయిందని, తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తామని.

తమ్ముడికి చెబితే, "మా నాన్న సంగతి మొత్తం పంపిన్రా అన్నా?" అని అడిగాడు. లేదురా, ఆ ఒక్క మాటే అన్నాం.

సంచిక ఫైళ్ళు, వాడిన ఫాంట్లు, ఆ చిన్న ఫైలు కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి లైబ్రరీ బీరువాలో ఉంచాం. తాళం వార్డెన్ సారు దగ్గర ఉంటుంది. వచ్చే ఏడాది పేజీలు పెట్టే తమ్ముళ్ళు అడిగి తీసుకోవచ్చు.