న్యూపోర్ట్ వడ్రంగుల చేతిపని

సొరుగుల బల్ల ఒకటి మనిషిని ఇంతసేపు కట్టిపడేస్తుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం అమెరికన్ వింగ్‌లోని ఆ మహోగని బల్లను 1765లో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో జాన్ టౌన్‌సెండ్ చేశాడు. తన పేరూ, సంవత్సరమూ రాసిన కాగితం కూడా దానికి అంటించాడు. అమెరికా అనే దేశం అప్పటికింకా పుట్టనే లేదు!

దాని ముఖం చదునుగా ఉండదు. రెండు పక్కలా ముందుకు ఉబికి, నడుమ లోనికి తగ్గుతుంది. పై సొరుగు మీద మూడు ఆల్చిప్పలు చెక్కి ఉన్నాయి. అటూ ఇటూ ఉన్నవి ఉబ్బెత్తువి, నడిమిది లోపలికి తొలిచింది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. పైగా సొరుగుల ఆ వంపు కోసం చెక్కను వంచలేదట! మందమైన పలకను తీసుకుని, అక్కర్లేనిదంతా ఉలితో, చిత్రికతో తీసేశారు. ఓడల మీద కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఖరీదైన మహోగని అంతంత పొట్టుగా రాలిపోయింది. ఆ దీవుల్లో ఆ చెట్లు నరికింది బానిసలు. ఆ మెరుపును మెచ్చుకునేటప్పుడు వాళ్లనూ తలచుకోవాలి.

సొరుగు లోపలి భాగాలకు మాత్రం పాప్లర్, చెస్ట్‌నట్, పైన్ లాంటి స్థానిక కలప వాడారు. ఏ సామాను ఏ ఊళ్లో తయారైందో నిపుణులు ఈ లోపలి చెక్కను బట్టి కూడా పసిగడతారు. మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్ల పళ్లు ఒకదానిలో ఒకటి ఎంత బిగువుగా కూర్చున్నాయో! ఎవరూ చూడని చోట కూడా అంత శ్రద్ధ!

టౌన్‌సెండ్, గొడార్డ్ అనే రెండు కుటుంబాలు ఈ పనికి పేరుపొందాయి. రెండూ క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవే, పైగా వియ్యమందుకున్నవి. వాళ్లు చేసిన కొన్ని బల్లల కాళ్లు బంతిని పట్టుకున్న గద్ద పంజాల్లా ఉంటాయి. గోటికీ బంతికీ మధ్య వెలుతురు దూరేంత సందు తొలిచారు. బరువు మోసే కాలికి అలా సందు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి!

1989లో నికొలస్ బ్రౌన్ అనే వర్తకుడి కుటుంబపు న్యూపోర్ట్ రాతబల్ల వేలంలో 1.21 కోట్ల డాలర్లు పలికింది. నాకది ఎక్కువనిపించలేదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దలారా, నయాగరా చూసి తిరిగొచ్చేయకండి. ఈ మ్యూజియానికీ ఒక పూట కేటాయించండి. బల్లకు ఎదురుగా కాదు, కాస్త పక్కగా నిలబడి చూడండి.