మరపు జబ్బు

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలకు అగస్టె డేటర్ అనే 51 ఏండ్ల స్త్రీని తీసికొనివచ్చారు. భర్త పేరేమని డాక్టర్ ఆల్జైమర్ అడిగితే ఆమె తన పేరే చెప్పింది. ఆయన విసుగుకొనక ఆమె మాటలన్నీ వ్రాసికొన్నారు. 1906లో ఆమె చనిపోయాక మెదడును మైక్రోస్కోపులో పరీక్షిస్తే, కణాలలో చిక్కుపడిన పోగులు, వాటి మధ్య మచ్చలు కనిపించాయి. ఆ సంవత్సరమే వైద్యుల సభలో ఆ సంగతి చెప్పితే ఎవరూ లక్ష్యపెట్టలేదు. 1910లో ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు.

మా నాయనమ్మ కన్నకొడుకునే "ఎవరు బాబూ నీవు?" అని అడిగితే ఊరివారు గాలి సోకిందన్నారు. అది శాపమూ కాదు, దయ్యమూ కాదు. మెదడుకు వచ్చిన జబ్బు. నేటికీ దానిని పూర్తిగా నయంచేసే మందు లేదు. మీ ఇంటి పెద్దలు అడిగిందే పదిసార్లు అడిగినా, పదకొండవసారి కూడా ప్రేమతో జవాబు చెప్పండి.