పేరు దాచి వినుడు

నేడు సంగీతము అంకెల రూపమున నిలుపబడుచున్నది. సీడీలో ఒక్కొక్క చానెలునకు సెకనునకు 44,100 అంకెలుండును. వానిని మరల నాదముగా మార్చు పరికరమును డాక్ అందురు. అట్లు మార్చునపుడు సెకనునకు 22,050 కంపనములకు పైన, మూలమున లేని ఛాయానాదములు పుట్టును. వానిని వడగట్టునదే ఫిల్టరు. ఆమదాలవలసలో మాయింటనున్న చవుక డాక్‌లోను ఈ ఫిల్టర్లను మార్చుకొను వీలు కలదు.

నిశితమైన ఫిల్టరు ఛాయలను చక్కగా తొలగించును; కాని తటాలున పుట్టిన ధ్వనికి ముందువెనుకల సన్నని కంపనమును చేర్చును. మెత్తని ఫిల్టరు ఆ కంపనమును తగ్గించును. కాని ఛాయలను కొంత విడుచును.

ఫిడేలు నేర్చుచున్న మా అమ్మాయి, మెత్తని ఫిల్టరున కమాను నాదము స్పష్టమనియు, ఖరీదైన డాక్ కొన్నచో నింకను మేలనియు పట్టుపట్టెను. బడిపంతులు జీతమున నది చిన్నమాట కాదు. కావున పరీక్షించితిమి. విజయనగర సంగీత కళాశాలకు 1936లో ప్రధానాచార్యులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి పాతరికార్డును పెట్టితిమి. బిగ్గరగా వినబడునదే మేలని తోచును గాన ధ్వనిని సమము చేసితిమి. మావారు నాణెమెగురవేసి, పేరు చెప్పక ఫిల్టరు మార్చిరి. పదునారింట అమ్మాయి తొమ్మిదింటిని గుర్తించెను. కన్నులు మూసి యూహించినను ఎనిమిది వచ్చును గదా! ఆనాటి రికార్డులలో అంత హెచ్చు కంపనముల సంగీతమే అరుదు. లేనిదానిని ఏ జల్లెడ నిలుపగలదు?

ఆ సొమ్ములో కొంత ఫిడేలు తంతులకు వెచ్చించితిమి. తక్కినది పెట్టెలో నున్నది. మీరును కొనుటకు ముందు పేరు దాచి వినుడు.