టైరుకూ వయసుంది

మన పత్రికలో వీసాల సంగతులు, పిల్లల తెలుగు చదువులు, పెరట్లో గోంగూర పెంచే పద్ధతులు అన్నీ వచ్చాయి గాని, మనల్ని ఊరూరా మోసుకు తిరిగే టైర్ల మాట ఎవరూ ఎత్తలేదు. డాక్టర్లకు టైర్లతో ఏం పనని నవ్వకండి. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న బెల్‌ఫాస్టు డన్‌లప్ దొరగారు పశువైద్యుడు. మేము మనుషుల వైద్యులం, అంతే తేడా.

గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో మాకు టైరంటే స్కూటరు టైరే. గుండయ్యేదాకా నడపడం, పంచరైతే ప్యాచీ వేయించడం. ఇక్కడ రెసిడెన్సీలో కొన్న పాత కారుకూ, ఇప్పుడు ఒహాయో పల్లెపట్టు క్లినిక్కులకు తిరిగే కారుకూ కలిపి పదేళ్లలో అయిదు సెట్లు కొన్నాం. ప్రతి బిల్లు మీదా మైళ్లు రాసిపెట్టే అలవాటు ఇంట్లో ఉంది కనుక లెక్క చెప్పగలం.

అన్నిటికన్నా చవకవి 34 వేల మైళ్లకే అరిగాయి. 80 వేల గ్యారంటీ ఉన్నవి 61 వేలు నడిచాయి. గ్యారంటీ అంటే కొత్త టైర్లు ఊరికే ఇస్తారని కాదు. తక్కువపడిన మైళ్ల మేరకు కొత్తవాటి ధరలో కొంత తగ్గిస్తారు. అదీ వేళకు రొటేషను చేయించిన రసీదులు చూపిస్తేనే. కాబట్టి రసీదులు పారెయ్యకండి.

చాలా రాష్ట్రాల చట్టం గాడి లోతు అంగుళంలో 32వ వంతులు రెండు మిగిలేదాకా ఒప్పుకుంటుంది. పెన్నీని తలకిందులుగా గాడిలో నిలబెడితే లింకన్ తల మొత్తం కనబడిందంటే అంతవరకు అరిగినట్టే. కాని వానలో పట్టు అంతకు ముందే సడలుతుంది. అందుకని మేము పెన్నీకి బదులు క్వార్టరు పెట్టి, వాషింగ్టన్ తల పైఅంచు కనబడగానే మార్చేస్తాం. అప్పటికి నాలుగు వంతులు మిగిలి ఉంటాయి.

గాలి సంగతి బి.పి. లాంటిది. పైకి తెలియదు. 2008 మోడలు నుంచి కార్లన్నిటికీ హెచ్చరిక దీపం ఉంది గాని, గాలి నాలుగో వంతు తగ్గితే గాని అది వెలగనక్కర లేదు. చలి 10 డిగ్రీల ఫారన్‌హీటు పెరిగితే సుమారు ఒక పౌను గాలి పడిపోతుంది. పరగడుపున చేసే రక్తపరీక్షలాగా, పొద్దున్నే కారు కదపక ముందే చూడాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు చట్టం దగ్గర అంటించిన కాగితంలో ఉంటుంది. టైరు మీద రాసినది గరిష్ఠం మాత్రమే.

ఇక అసలు విషయం. మా పిన్నిగారబ్బాయి డాలస్‌లో ఎం.ఎస్. చదువుతూ 2022లో ఒక పాత కారు కొన్నాడు. జూలై ఎండల్లో మరో ముగ్గురిని ఎక్కించుకుని 250 మైళ్ల పైచిలుకు దూరంలో ఉన్న పేర్‌లాండ్ మీనాక్షి గుడికి బయలుదేరుతున్నానని ఫోను చేశాడు. టైర్లెలా ఉన్నాయని అడిగాం.

"గాడులు బ్రహ్మాండంగా ఉన్నాయక్కా. పెన్నీ కూడా పెట్టి చూశా. బావగారికి చెప్పు."

"టైరు పక్కన డి.ఓ.టి. అని ఉంటుంది. ఆ వరసలో చివరి నాలుగంకెలు చదువు నాన్నా. బయట లేకపోతే లోపలి పక్క చూడు."

"1410."

అంటే 2010లో 14వ వారంలో తయారైన టైరు. పన్నెండేళ్లది! పాత యజమాని కారు తక్కువ తిప్పాడు కనుక గాడులు అరగలేదు. రబ్బరు మాత్రం నిలబడ్డచోటే ముసలిదైపోయింది. ఆరేళ్లు దాటితే మార్చమని పలు కార్ల కంపెనీలూ, పదేళ్లు మించనివ్వొద్దని టైర్ల కంపెనీలూ చెబుతాయి. ఎండ, వేగం, బరువు మూడూ కలిస్తే లోపలి పొరలు విడిపోయే ప్రమాదముంది. 2000లో ఫైర్‌స్టోన్ వారు సుమారు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించినప్పుడు, ట్రెడ్డు ఊడిందన్న ఫిర్యాదులు ఎక్కువగా వేడి రాష్ట్రాలనుంచే వచ్చాయి. ఆ టైర్ల లోపం వేరు, వేడి చేసే పని ఒకటే.

"ఫీజు కట్టాలి, వచ్చే సెమిస్టరు చూద్దాంలే అక్కా" అన్నాడు. దసరాకు పెట్టే బట్టలు ముందే పెట్టామనుకోమని డబ్బు పంపాం. ప్రయాణం వారం వాయిదా పడింది. విప్పిన టైర్ల లోపలి పక్క చుట్టూ సన్నని బీటలున్నాయట. ఫొటో తీసి పంపాడు. ఆ నలుగురి తల్లులూ గుంటూరు, ఖమ్మం, అనంతపురాల్లో ఎప్పటిలాగే నిద్రపోయారు. వాళ్లకీ సంగతి తెలియదు, తెలియనక్కరలేదు.

మన ఇళ్లకు పండగ భోజనానికి వచ్చే విద్యార్థులు చాలామంది ఇలాంటి కార్లలోనే వస్తారు. చేతికి పచ్చడి సీసా ఇచ్చి పంపేముందు వాకిట్లో ఆ నాలుగంకెలూ చదివించండి. డిక్కీలోని స్టెప్నీ కూడా చూడమనండి, దానికీ వయసు మీదపడుతుంది. మన సంక్రాంతి సభకు మేము గాలి చూసే గేజీ తెస్తాం. కావలసినవారు మొగమాటపడకుండా అడగండి.