కామాటిపురా నుంచి మనోరీ దాకా

చౌపాటీ మా చాల్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అలాంటప్పుడు సముద్రం చూడటానికి ముప్పై కిలోమీటర్లకు పైగా సైకిలు తొక్కడమేమిటని ఇరుగుపొరుగువారు నవ్వారు. దానికి మావారి జవాబు ఇది: "ఈ ఊరు కట్టిన కామాటోళ్ల పిల్లలం. పాత ఇండ్లు తీసి కొత్తవి కడతమంటున్నరు. ఇక్కణ్ణుంచి కదలకముందే ఊరు ఆ చివరిదాకా మన కాళ్లతోనే చూసొద్దాం పా."

నిజానికి ఒకప్పుడు సముద్రమే మా పేట వైపు వచ్చేది. వర్లీ దగ్గరి గండిలోంచి పోటు నీరు చొచ్చుకొచ్చి బైకుల్లా వైపు పల్లపు నేలను ముంచేది. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి ఆ గండి పూడ్చారు. ఆరిన నేల మీద 1795 తర్వాత తెలుగు నేల నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు స్థిరపడ్డారు. వారి పేరే మా పేటకు మిగిలింది.

గత జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాం. మావారికి అరవై మూడేళ్లు. సైకిలు ఆయనకు చిన్ననాటి నేస్తం. నేను మాత్రం యాభై దాటాక మా అబ్బాయి దగ్గర నేర్చుకున్నదాన్ని. సంచిలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పండుగకు చేసిన సకినాలు పెట్టుకున్నాం.

సాత్ రస్తా దాటి లోవర్ పరేల్ చేరేసరికి ఇంకా చీకటే. మా మామగారు సాంచా నడిపిన మిల్లు ఈ దారిలోనే ఉండేది. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత ఎన్నో మిల్లుల్లాగే అదీ మూతపడింది. ఇప్పుడక్కడ అద్దాల మేడలు. మావారు సైకిలు ఆపి ఒక్క నిమిషం చూసి, ఏమీ అనకుండా ముందుకు సాగారు.

వర్లీ నుంచి బాంద్రాకు 2009లో తెరిచిన సీలింక్ మీద సైకిళ్లను రానివ్వరు. అందుకని దాదర్ మీదుగా పాత మాహిమ్ కాజ్‌వే పట్టాం. 1845లో ఇది పూర్తయ్యేవరకు జనం పడవల మీదే బాంద్రాకు దాటేవారు. జంషెడ్జీ జీజీభాయ్ గారి భార్య అవాబాయి లక్షన్నరకు పైగా రూపాయలిచ్చి దీన్ని కట్టించారు. దాటేవారి దగ్గర సుంకం తీసుకోరాదని షరతు కూడా పెట్టారు. ఆ మహాతల్లి పుణ్యమా అని మేమూ పైసా ఇవ్వకుండా దాటాం.

ఎస్వీ రోడ్డంతా బస్సులు, రిక్షాలు. అంధేరీలో చాయ్ తాగి, మలాడ్‌లో ఎడమకు తిరిగాం. మార్వే దగ్గర సైకిళ్లతో సహా లాంచీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో మనోరీ! వాసాల మీద వరుసగా ఎండబెట్టిన బొంబిల్ చేపలు, కోలీవారి ఇళ్లు, దారిపక్కన శిలువలు. ఇదీ ముంబయేనా అనిపించింది.

ఇసుకలో కూర్చుని రొట్టెలు తిన్నాం. పెళ్లయి నలభై ఏళ్లయినా మేమిద్దరమే ఒక పూటంతా ఊరికే కూర్చున్నది అదే మొదటిసారి. కొత్త ఇల్లు ఎప్పుడొస్తుందో, అందాకా ఎక్కడుండాలో అన్న మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో గోరేగావ్ దగ్గర ఆయన మోకాలు పట్టేసింది. కొంతదూరం నడిచి, కొంతదూరం తొక్కి, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాం. మర్నాడు ఇద్దరికీ వేన్నీళ్ల కాపడమే!

మీరూ వెళ్లదలిస్తే తెల్లవారకముందే బయలుదేరండి. గాలిపంపు, అదనపు ట్యూబు మరవకండి. తొక్కే ఓపిక లేనివారు మలాడ్ దాకా లోకల్ రైల్లో వెళ్లి, బస్సు పట్టుకున్నా మార్వే చేరవచ్చు. రేపు మేం ఏ కల్యాణ్‌కో మారినా మారవచ్చు. ఈ ఊరు ఎంత పొడవో మాత్రం ఇక మా మోకాళ్లు మరచిపోవు.