బత్తాయి కోతకు ముందే అలాస్కా

మా సియాటిల్ వైపు తెలుగు ఇళ్లలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే అలాస్కా క్రూయిజ్ మాట దానంతటదే వస్తుంది. ఇక్కడి రేవులోనే ఎక్కొచ్చు. వారం రోజులు సామాను విప్పి సర్దే పనుండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా కుర్చీలో కూర్చునే మంచుకొండలు చూడొచ్చు. సియాటిల్ అమెరికాదే, అలాస్కా అమెరికాదే, ఇక అమెరికా వీసా ఒక్కటుంటే చాలు కదా అనుకుంటారు అందరూ. చాలదు.

1886లో అమెరికా ఒక చట్టం చేసింది. విదేశీ జెండా ఉన్న ఓడ కేవలం అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పడానికి వీల్లేదు. ఇప్పటి పెద్ద క్రూయిజ్ ఓడలు చాలావరకు బహామాస్, పనామా, బెర్ముడా లాంటి చోట్ల రిజిస్టరైనవి. అందుకే సియాటిల్‌లో బయల్దేరి కెచికాన్, జూనో, స్కాగ్వే చూపించి మళ్లీ సియాటిల్‌లోనే దించే ఓడ మధ్యలో ఒక్క విదేశీ రేవులోనైనా ఆగాలి. ఆ రేవు చాలాసార్లు కెనడాలోని విక్టోరియా. తిరుగు ప్రయాణంలో ఓడ సాయంత్రం పూట వచ్చి, కొన్ని గంటలుండి, రాత్రికి వెళ్లిపోతుంది. కొవిడ్ వల్ల 2021లో కెనడా తన రేవుల్లోకి క్రూయిజ్ ఓడలను రానివ్వకపోతే అలాస్కా సీజన్ అంతా పోయేలా ఉండింది. ఆ మే నెలలో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఇంకో చట్టం చేస్తేగాని ఓడలు కదల్లేదు.

ఇండియా పాస్‌పోర్టు మీద వచ్చే అమ్మానాన్నలకు ఆ కొన్ని గంటల కోసం కెనడా విజిటర్ వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉన్న మాకు అక్కర్లేదు. పాస్‌పోర్టు, కార్డు చూపిస్తే సరిపోతుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు మళ్లీ కావాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఏ బెంగా లేదు. మాకు తెలిసిన ఒక కుటుంబం రేవు దాకా వెళ్లాక ఈ సంగతి తెలుసుకుంది. కొడుకు, కోడలు, పిల్లలు ఎక్కొచ్చన్నారు, పెద్దవాళ్లు వీల్లేదన్నారు. విక్టోరియాలో దిగం, గదిలోనే కూర్చుంటాం అని బతిమాలినా కుదరలేదు. ఆ పెద్దాయన మనవడికి కొన్న దుర్భిణీ మెడలో వేసుకుని నిలబడ్డాడట. అందరూ ఇంటికి తిరిగొచ్చేశారు.

మా నాయినది నల్లగొండ జిల్లా, బత్తాయి రైతు. అమ్మ పుట్టిల్లు పాలమూరు. ఇద్దరికీ ముందు అమెరికా వీసా, ఆ తర్వాత కెనడా వీసా అనుకుని మొదలుపెట్టాం. 2009లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో వీసాలు ఇవ్వడం మొదలయ్యేదాకా మా జిల్లాల మనిషికి అమెరికా ఇంటర్వ్యూ అంటే చెన్నై పోవుడే. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడకు మారింది. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఇవ్వాలి. పాస్‌పోర్టుకైతే నల్లగొండ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. పొద్దున బస్సెక్కితే పనైపోతుంది. వీసా ఫారం నింపడమే కష్టం.

రాత్రిపూట వీడియో కాల్‌లో ఒక్కో గడి చదువుతూ అడిగాను.

“నాయినా, నాయనమ్మ పుట్టిన తారీఖు ఎంత?”

“ఎవరు రాసిపెట్టిండ్రు బిడ్డా! రజాకార్ల లొల్లప్పుడు మీ పెద్దత్త సంకల ఉన్నదని చెప్పేది మా అమ్మ.”

“మరి నీది?”

“నాది బడిల సారు ఏసిండు. జులై ఒకటి.”

నల్లగొండలో ఆ తరానికి కాలం లెక్కలన్నీ ఇలాంటివే. రజాకార్ల జమానా, 1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్, 1955 చివర్లో నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిన ఏడు. అమెరికా ఫారంలో తల్లిదండ్రుల పుట్టిన తేదీ దగ్గర ‘తెలియదు’ అని టిక్కు పెట్టే వీలుంది. ఆ గడి పెట్టినవాళ్లు మా నాయనమ్మలాంటి మనుషులను ఎక్కడో చూసే ఉంటారు. లేని తేదీని పుట్టించాల్సిన పని లేకుండా పోయింది.

“గత ఐదేళ్లలో ఏయే దేశాలు తిరిగారు?” అన్న ప్రశ్నకు అమ్మ, “ఏ దేశం పోయినం బిడ్డా, బొంబాయి తప్ప” అంది. పాలమూరు వాళ్లకు బొంబాయి బస్సు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పులకు పోతే, గిన్నెలు, బొంతలు మూట కట్టుకుని ఊళ్లకు ఊళ్లు కదిలేవి. మహబూబ్‌నగర్, నారాయణపేట నుంచి పోయిన ఆ కూలీలు కట్టిన ఇళ్లు, తవ్విన కాల్వలు, మట్టి మోసిన డ్యాములు దేశమంతా ఉన్నాయి. అమ్మ చిన్నప్పుడు తాతయ్యవాళ్లతో పోయి, రోడ్డు పక్క తాటిపత్రి గుడిసెలో తమ్ముళ్లకు వండిపెట్టింది. భాష తెలియని ఊళ్లో నీళ్లెక్కడ దొరుకుతాయో, రేషన్ ఎక్కడ ఇస్తారో తెలుసుకుని బతికి ఇల్లు చేరిన మనిషి ఆమె. ఆ ఫారం ప్రకారం మా అమ్మ ఇంతవరకు ఎక్కడికీ పోలేదు. అది రాస్తుంటే నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

నాయిన దిగులు వేరు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆయన ఎన్నడూ రిటర్న్ వేయలేదు. పట్నంలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆస్తి కోట్లలో చూపించే సర్టిఫికెట్ చేయిస్తామన్నారు. వృత్తి దగ్గర వ్యాపారం అని రాయమన్నారు. ఇంగ్లిష్‌లో జవాబులు కాగితం మీద రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. అబద్ధం పట్టుబడితే అమెరికా జీవితాంతం తలుపు మూసేయగలదు, కెనడా ఐదేళ్లు రానివ్వదు. డెబ్భై ఏళ్లు బత్తాయి చెట్ల మధ్య తల ఎత్తుకుని బతికిన మనిషి చేత, కూతుర్ని చూడ్డానికి నేను వ్యాపారిని అనిపించడం కన్నా అవమానం ఉందా?

అమెరికా చట్టం, టూరిస్టు వీసాకు వచ్చిన ప్రతి మనిషీ అక్కడే ఉండిపోతాడన్న అనుమానంతోనే మొదలవుతుంది. తిరిగొస్తామని నమ్మించే బాధ్యత మనది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ తెలుగులో ఇచ్చే వీలుంది. ఎందుకు పోతున్నారంటే నాయిన, “బిడ్డ కాడికి. పడవల అలాస్కా తిప్పుతదట” అన్నాడు. ఎప్పుడొస్తారంటే, “జులై ఆఖరుకు. ఆగస్టుల కాయ కోయాలె, నేను లేకుంటే దళారి చెప్పిందే రేటు” అన్నాడు. ఎన్నెకరాలు, ఇప్పుడు తోట ఎవరు చూస్తారు అని అడిగారట. ఫైలు తెరవమనలేదు. ఇద్దరికీ పదేళ్ల వీసా వచ్చింది. చెట్టు మీది కాయ కన్నా మంచి సాక్ష్యం ఏ కన్సల్టెన్సీ తయారు చేయగలదు?

కెనడా పద్ధతి పూర్తిగా వేరు. ఇంటర్వ్యూ సాధారణంగా ఉండదు, వేలిముద్రలు ఇచ్చి రావడమే. మాట వినే మనిషి ఎదురుగా లేడు కాబట్టి కాగితమే మాట్లాడాలి. ఇక్కడ పట్టాదారు పాసుపుస్తకం, బత్తాయి అమ్మిన చీటీలు, వాటి డబ్బు పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్ పనికొచ్చాయి. 2018 నుంచి పడ్డ రైతుబంధు జమలు కూడా అందులోనే కనిపిస్తాయి. తెలుగు కాగితాలన్నిటికీ ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి. ఓడ ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుందో చూపే కాగితం, మేం రాసిన ఆహ్వాన లేఖ, అమెరికా వీసా నకలు పెట్టాం. మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. క్రూయిజ్ టికెట్టుకు అడ్వాన్సు మాత్రమే కట్టి, మిగతాది వీసాలు చేతికొచ్చాకే కట్టాం.

అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేనివాళ్లకు అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు చోటికి పోయి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అది చూసి తప్పు పడిందని కంగారు పడొద్దు. ఓడ టికెట్టు, విమానం టికెట్టు పాస్‌పోర్టు ప్రకారం ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి అడిగి రాయించుకోండి.

విక్టోరియాలో ఓడ ఆగే ఓగ్డెన్ పాయింట్ దగ్గర సముద్రంలోకి పొడుగ్గా అలల అడ్డుకట్ట ఉంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది. నాయిన దాని చివరిదాకా నడిచి, “సాగర్ కట్ట మీద నడిచినట్టే ఉన్నది” అన్నాడు. అమ్మ మాత్రం, “గీ ఇంత సేపటికా గన్ని కాయితాలు?” అంది.

అమ్మానాన్నలను ఓడ ఎక్కించాలనుకునే మనవాళ్లకు ఒక్కటే విన్నపం. ఏ సముద్రమైనా సరే, ఓడ ఆగే ప్రతి రేవూ కాగితం మీద రాసుకుని, ఇంట్లో ఒక్కొక్కరి పాస్‌పోర్టుకు ఏ వీసా కావాలో ఆయా దేశాల ప్రభుత్వ సైట్లలో చూడండి. బార్సిలోనాలో ఎక్కి టర్కీ చూసి మళ్లీ ఐరోపాలో దిగే ఓడకైతే షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఉంటే సరిపోదు, టర్కీకి వీసా సంగతీ విడిగా చూసుకోవాలి. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి, పోయినేడు వెళ్లొచ్చినవాళ్ల మాట మీద ఆగిపోకండి. ఫారం ఏజెంటు చేతిలో పెట్టి ఊరుకోకుండా ఒక రాత్రి ఫోన్‌లో అమ్మానాన్నలతో కూర్చుని మీరే నింపండి. వాళ్లు ఏం చెబితే అదే రాయండి.